విద్యుద్వాహినికి జ్ఞానేంద్రియములు



రాత్రి మూడు గంటలవేళ ఒక గంటసేపు కరెంటు పోయినచో పట్టణవాసికి ఉక్కపోతయు నిద్రాభంగమును తప్ప వేఱొక హాని సామాన్యముగా కలుగదు; తెల్లవాఱునప్పటికి అతడు దానిని మఱచిపోవును. అదే గంటసేపు భీమవరము చుట్టుపట్ల, కాళ్ల, ఉండి, ఆకివీడు, మొగల్తూరు ప్రాంతములలో, నీటిని చిలుకు ఏరియేటర్లు ఆగిపోయిన వనామి రొయ్యల చెఱువు గట్టుమీద నిలిచిన రైతునకు, మూడు నాలుగు నెలల శ్రమయు, అప్పు తెచ్చి పోసిన మేతయు, పట్టుబడికి సిద్ధమైన సరకును ఒక్కమాఱుగా చేజాఱిపోవచ్చును.

దీనికి కారణము ప్రకృతిధర్మమే. పగటివేళ చెఱువులోని సూక్ష్మ వృక్షజాతి సూర్యరశ్మిని గ్రహించి నీటిలోనికి ప్రాణవాయువును విడుచును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఆ వృక్షజాతియే, రొయ్యలతోడను, అడుగున చేరిన మేత శేషములను కుళ్లించు సూక్ష్మజీవులతోడను కలిసి, పగలు విడిచిన ప్రాణవాయువును తిరిగి పీల్చివేయ నారంభించును. కావున నీటిలో కరగియున్న ప్రాణవాయువు, మన రైతులు డీవో అని చెప్పుకొనునది, రాత్రి గడచినకొలది క్షీణించి తెల్లవాఱుజామునకు కనిష్ఠస్థితికి దిగును. లీటరు నీటిలో అది 4 మిల్లీగ్రాములకు తగ్గకుండ నున్నంతవఱకు వనామికి క్షేమము. 2 మిల్లీగ్రాములకు దిగినచో అపాయము. ఇంకను దిగినచో చెఱువు చెఱువంతయు పోవును. 2009లో ప్రభుత్వానుమతితో వనామి మనదేశమున అడుగిడినది మొదలు, ఎకరమునకు వేయు రొయ్యపిల్ల సంఖ్య పెరిగి, నీటిని చిలుకు చక్రములపై రైతు ఆధారపడుట వెనుకటికంటె మిక్కిలి హెచ్చినది. దట్టముగా పిల్లను వేసిన చెఱువులో ఆ చక్రములు ఆగిన గంట రెండు గంటలలో సర్వము ముగిసిపోవచ్చును. జనరేటరు గలవాడు డీజిలు కాల్చి గట్టెక్కును. లేనివాడు సబ్‌స్టేషనుకు ఫోను చేయుచు గట్టుమీద తిరుగును.

ఇట్టి ప్రాంతమునకు విద్యుత్తు సమృద్ధిగా నుండుట యెంత ముఖ్యమో, పోయిన విద్యుత్తు ఎచ్చట, ఏ హేతువుచేత పోయినదో తక్షణమే తెలియుట అంతకంటెను ముఖ్యమని నా దృఢాభిప్రాయము. మన విద్యుజ్జాలమునకు నేడున్న ప్రధానమైన లోపము శక్తిలోపము కాదు, జ్ఞానలోపము. అదియును జాలమంతట సమానముగా లేదు; శిరస్సున చూపు తీక్ష్ణముగా నున్నది, పాదములయందు స్పర్శయే లేదు. ఈ వైషమ్యమును గుఱించియే నేడు మీతో ముచ్చటింపదలచినాను.

మొదట శిరస్సు సంగతి. మనదేశమున విద్యుత్ప్రవాహము సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున స్పందించుచుండును. ఉత్పత్తికంటె వినియోగము పెరిగినచో ఈ స్పందనము మందగించును, తగ్గినచో త్వరితమగును. కాశ్మీరమునుండి కన్యాకుమారివఱకు గల యంత్రములన్నియు ఒక్క లయతో తిరుగుచున్నవి గనుక, భీమవరములో ఒక గోడ స్విచ్చు వేసినప్పుడు కలుగు అణుమాత్రపు భారము దేశములోని ప్రతి టర్బైనుపైనను పడును. ఈ ఏకత్వము మనకు 2013 డిసెంబరు 31న, రాయచూరు షోలాపురముల నడుమ 765 కిలోవోల్టుల మార్గము ద్వారా దక్షిణ విద్యుజ్జాలమును తక్కిన దేశముతో ఒక్క లయలోనికి తెచ్చినప్పుడు సిద్ధించినది. అంతకు ముందటి సంవత్సరము, 2012 జులై 30న ఉత్తర భారతమును, మఱునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతములు మూడును అంధకారములో మునిగి, దాదాపు 60 కోట్లమంది నివసించు భూభాగమున విద్యుత్తు స్తంభించినప్పుడు, ఆ లయలో చేరియుండని దక్షిణదేశము ఆ ఉపద్రవమునకు లోనుగాలేదు. నేడు మనము ఆ కుటుంబమున పూర్తిగా చేరినవారము. లాభమును మనది, భయమును మనది.

ఆ మహోపద్రవమునకు తొమ్మిది సంవత్సరములకు పూర్వము, 2003 ఆగస్టు 14న, అమెరికా ఈశాన్య రాష్ట్రములందును కెనడాలోని ఒంటారియోయందును 5 కోట్లమందికి కరెంటు పోయినది. అది ఒహాయో రాష్ట్రమున కొన్ని తీగెలు భారముచేత వేడెక్కి, సాగి, క్రింద పెరిగిన చెట్లకు తగులుటతో ఆరంభమైనది. తీగె చెట్టునకు తగులుట ఏ దేశమునందైనను జరుగునదే. కాని అచ్చటి నియంత్రణ కేంద్రములో ప్రమాదమును సూచించు కంప్యూటరు వ్యవస్థ ఒక దోషముచేత గంటకు పైగా మూగపోగా, ఎదుట కూర్చున్న ఉద్యోగులకు తమ జాలము కూలుచున్నదని తెలియలేదు. తెలిసియుండినచో కొంత భారమును తగ్గించి తక్కినదానిని నిలుపుకొనుటకు వ్యవధి యుండెను. ఆ రోజున కొఱవడినది యంత్రబలము కాదు, ఎఱుక.

ఆ ఎఱుకను కలిగించు సాధనములలో అగ్రగణ్యమైనది ఫేజర్ మాపకము. దీనిని 1988లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున నిర్మించిన బృందమునకు నాయకుడు ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. పట్టభద్రుడైన అరుణ్ ఫడ్కే అగుట మనకు సంతోషకరము. పూర్వపు స్కాడా పద్ధతిలో ఒక్కొక్క కేంద్రమునుండి కొన్ని సెకనుల కొకమాఱు కొలతలు వచ్చును. అవియును ఒకే క్షణమునకు చెందినవి కావు. ఫేజర్ మాపకము సెకనుకు 25 పర్యాయములో 50 పర్యాయములో వోల్టేజి పరిమాణమును, దాని తరంగకోణమును కొలిచి, ఆకాశమునందలి ఉపగ్రహములనుండి వచ్చు కాలసంకేతముతో ప్రతి కొలతకును ముద్ర వేయును. అందుచేత వందల మైళ్ల ఎడముగల రెండు కేంద్రముల నాడిని ఒక్క క్షణమున పట్టి పోల్చుట సాధ్యమైనది. 2012 తరువాత మనదేశమున ఇట్టి మాపకములను పెద్ద సంఖ్యలో స్థాపించినారు. దీనికి తోడు వేఱొక సాధనము గలదు: పెద్ద మార్గములపై దోషము సంభవించినప్పుడు అచ్చట పుట్టిన తరంగము దాదాపు కాంతివేగముతో, అనగా మైక్రోసెకనుకు ఇంచుమించు 300 మీటర్ల చొప్పున, రెండు చివరలకును పరుగిడును. అది ఈ చివరను ఎప్పుడు చేరినదో, ఆ చివరను ఎప్పుడు చేరినదో, ఆ కాలభేదమును బట్టి ఏ స్తంభముల నడుమ దోషమున్నదో ఇంజనీరు తన బల్లకడనే కూర్చుండి నిర్ణయింపగలడు.

ఇంతటి సూక్ష్మదృష్టి గల వ్యవస్థ, 33 కిలోవోల్టుల సబ్‌స్టేషను దాటి 11 కిలోవోల్టుల ఫీడరులోనికి దిగినంతనే, గుడ్డిదగుచున్నది. మన గోదావరి మండలమువారికి ఈ అసంగతము ఒక ఉపమానముచే సులభముగా బోధపడును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటనుండి మన డెల్టా కాలువలకు లాకు లాకున గేజి కలదు, ఆ గేజిని చదువుటకు లస్కరు కలడు. ఎగువ నెంత నీరు వచ్చుచున్నదో, దిగువకు ఎంత పోవుచున్నదో లెక్క గలిగియుండుటచేతనే శివారు భూమికి నీరందనప్పుడు గండి ఏ రెండు లాకుల నడుమ పడినదో వెదకగలిగినారు. హెడ్ రెగ్యులేటరు కడ మాత్రమే గేజి నుంచి, సముద్రతీరమువఱకు మఱియొక గేజి లేకుండ కాలువను నడిపినచో ఎట్లుండునో, మన 11 కిలోవోల్టుల ఫీడర్లు చాలవఱకు నేడు అట్లే నడచుచున్నవి. సబ్‌స్టేషనులో బ్రేకరు విప్పుకొన్నదని షిఫ్టు ఆపరేటరునకు తెలియును. అటుపై కాలువగట్ల వెంబడి, చేలకు అడ్డముగా, చెఱువుల నడుమ మైళ్లకొలది పోయిన తీగెలో ఎచ్చట ఏమైనదో ఎవ్వరికిని తెలియదు.

అప్పుడు జరుగునదేమి? లైన్‌మను మోటారుసైకిలుపై టార్చిలైటు పట్టుకొని బయలుదేఱును. సగము దూరమున, తీగెను నడుమ విడదీయు ఏబీ స్విచ్చును విప్పి, సబ్‌స్టేషనుకు ఫోను చేసి, ఒకమాఱు చార్జి చేసి చూడుమనును. లైను నిలిచినచో దోషము ఆవలి సగమున నున్నట్లు. నిలువనిచో ఈవలి సగమున. ఈ విధముగా సగమును సగము చేసికొనుచు, జంపరు తెగినదా, ఇన్సులేటరు పగిలినదా, కొబ్బరిమట్ట తీగెపై వ్రాలినదా అని, వానలో, బురదగట్లపై, ఒక్కొక్క స్తంభమునే పరీక్షించుచు పోవలెను. బాగుచేయుటకు పది నిమిషములు చాలును; కనుగొనుటకు రెండు గంటలు పట్టును. రొయ్య ఆ రెండు గంటలు వేచియుండదు. పైగా చార్జి చేసి చూచిన ప్రతిపర్యాయమును దోషమున్న తీగెలోనికి మహాప్రవాహము పాఱి, ట్రాన్స్‌ఫార్మరు చుట్లను కుదిపి, ఉన్న ఆయుర్దాయమును కొంత హరించును.

ఈ వెదకులాటను తగ్గించు సాధనములు బహు ఖరీదైనవి కావు. తీగెకే తగిలింపదగిన దోషసూచికలు కొన్ని గలవు. దోషప్రవాహము తమగుండ పోయినచో అవి ఎఱ్ఱదీపము వెలిగించి, సెల్‌ఫోను మార్గమున ఒక వార్తను పంపును. శాఖలు చీలు తావులందు వీనిని అమర్చినచో, ఏ సూచిక దాటి ప్రవాహము పోయినదో, ఏ సూచికవద్దకు రాలేదో చూచి, లైన్‌మను ఇంటినుండి బయలుదేఱునప్పుడే తిన్నగా ఆ శాఖకు పోగలడు. దీనికి తోడు రీక్లోజరు అను యంత్రము. గాలిలో పోవు తీగెలపై సంభవించు దోషములలో నూటికి 70, 80 వఱకు తాత్కాలికములని ఇంజనీర్ల అనుభవము: పక్షి తగులుట, కొమ్మ రాచుకొనుట, పిడుగుపాటుచే ఒక క్షణము మెఱుపు దాటుట. రీక్లోజరు ఒక్క క్షణము విప్పుకొని తనంతట తానే మఱల మూసికొనును. దోషము తొలగియున్నచో గట్టుమీది చక్రములు ఆగీ ఆగకమునుపే ప్రవాహము తిరిగివచ్చును. తొలగనిచో రెండు మూడు యత్నముల పిమ్మట శాశ్వతముగా విప్పుకొనును. అయితే ఇచ్చట నా మనస్సున ఒక శంక మెదలుచుండును. తెగి నీటిలో పడిన తీగెను కూడ రీక్లోజరు మఱల మఱల సజీవము చేయును గదా. పల్లపునేలలు, నీరు నిలిచిన చేలు, చెఱువులు గల మన మండలమున, భూమిలోనికి పోవు స్వల్పప్రవాహమును సైతము పసికట్టి, అట్టి దోషమైనచో మఱల మూయకుండ నిలిపివేయు సున్నితమైన రిలే దానికి జత చేయవలసినదే. ఆ జత లేని రీక్లోజరును నేను కోరను.

రెండు ఫీడర్ల చివరలను కలుపు స్విచ్చొకటి యుండి, దూరమునుండి దానిని త్రిప్పగలిగినచో, దోషమున్న ముక్కను మాత్రము వేఱుచేసి తక్కిన గ్రామములకు ఆవలి వైపునుండి విద్యుత్తు నిచ్చుట నిమిషముల పని యగును. ఇట్టి సౌకర్యములు ముందుగా నగరములకే చేరుచున్నవి. హైదరాబాదులోని జీడిమెట్ల పారిశ్రామిక వాడ, దేశమున తొలివిడతగా ఎన్నుకొన్న 14 స్మార్ట్ గ్రిడ్ నమూనా ప్రణాళికలలో ఒకటి. విశాఖపట్టణమున 2014 అక్టోబరు 12నాటి హుద్‌హుద్ తుపాను స్తంభములను నేలమట్టము చేసిన పిమ్మట, ప్రపంచబ్యాంకు ఋణముతో తీగెలను భూగర్భమున పఱచుటకు పూనుకొనిరి. నగరములకు, కర్మాగారములకు ఈ గౌరవము లభించుట ఉచితమే. కాని నిమిషములలో నష్టము లెక్కకట్టవలసిన వినియోగదారులు చెఱువు గట్లమీద నుండగా, ఈ సాధనములు వారికి చివరన అందవలెననుట న్యాయము కాదు. అడుగు త్రవ్వినంతనే నీరూరు డెల్టా భూములలో వందల మైళ్ల గ్రామీణపు ఫీడర్లను భూగర్భమున పఱచుట మిక్కిలి వ్యయసాధ్యము గనుక, గాలిలో నున్న తీగెకే జ్ఞానేంద్రియములను సమకూర్చుట మనకు మిగిలిన మార్గము.

సముద్రము చేరువనుండుటచే మనకు మఱియొక ప్రత్యేకమైన బాధ గలదు. ఉప్పుగాలి ఇన్సులేటర్లపై పలుచని పొరగా పేరుకొనును. ఎండవేళ ఆ పొర నిరపాయకరము. శీతకాలపు తెల్లవాఱుజామున మంచు దానిపై కురిసి తడిసినంతనే అది విద్యుద్వాహకమై, పింగాణిపై సన్నని స్రావము పాఱుటకు దారి యిచ్చి, చివరకు మెఱుపు దాటును. వాన గట్టిగా కురిసినచో ఉప్పు కడుగుకొని పోవును; పొగమంచు మాత్రము తడుపునే గాని కడుగదు. రొయ్యకు ప్రాణవాయువు కనిష్ఠముగా నుండు వేళయు, ఇన్సులేటరు ఓటమి నందు వేళయు ఒకటే యగుట ఈ ప్రాంతపు దౌర్భాగ్యము. ఆ స్రావము కొన్ని దినములనుండి పెరుగుచు వచ్చును గనుక, దానిని కొలుచు సాధనమున్నచో ముందుగానే కడిగించుటకో మార్పించుటకో అవకాశముండును. ప్రమాదము జరిగిన పిమ్మట తెలియుటకును, జరుగబోవుచున్నదని తెలియుటకును గల అంతరము ఇదియే.

ఇఁక రైతుసోదరులతో ఒక మాట చెప్పవలెను. స్వయంచాలకత్వమంతయు మేలే యనుకొనరాదు. కరెంటు రాగానే తమంతట తామే తిరుగు ఆటోస్టార్టర్లను చాలమంది పెట్టుకొనుచున్నారు; రాత్రి గట్టునకు పరుగెత్తు బాధ తప్పునని వారి యుద్దేశము. నేరుగా లైనుకు తగిలించిన మోటారు బయలుదేఱునప్పుడు తన మామూలు ప్రవాహమునకు అయిదాఱు రెట్లు లాగుకొనును. ఒక ఫీడరుపైనున్న వందలకొలది ఏరియేటర్లు ఒక్క క్షణమున బయలుదేఱినచో ఆ భారమునకు వోల్టేజి క్రుంగిపోవును. క్రుంగిన వోల్టేజిలో మోటారు తిరుగలేక మూలుగుచు మఱింత లాగును. సబ్‌స్టేషనులోని రిలే దీనిని దోషమని యెంచి బ్రేకరును మఱల విప్పును. బాగుపడిన లైను బాగుపడినంతనే పడిపోవుట కిదియొక ముఖ్యకారణము. ఒకరి స్టార్టరు అర నిమిషమునకు, మఱియొకరిది నిమిషమునకు, వేఱొకరిది రెండు నిమిషములకు మేలుకొనునట్లు ఆలస్యమును అమర్చు చిన్న టైమరు ఈ సమస్యను చాలవఱకు తీర్చును. ఇది విద్యుత్సంస్థ చేయు పని కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులు కూర్చుండి మాటాడుకొని వరుస నిర్ణయించుకొనవలసిన పని.

తుపాను వచ్చినప్పుడు ఈ జ్ఞానేంద్రియముల గతి యేమని మీరడుగవచ్చును, అడుగదగిన ప్రశ్నయే. 1996 నవంబరు 6న కోనసీమను ధ్వంసము చేసిన తుపానును ఎఱిగినవారు నేటికిని మన మధ్య నున్నారు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురము సమీపమున తీరము దాటిన మొంథా తుపాను మనకు నిన్నటి మాట. అట్టి రాత్రి సెల్‌ఫోను స్తంభమునకే విద్యుత్తుండదు. దాని బ్యాటరీ కొన్ని గంటలలో ఉడిగిన పిమ్మట వార్తలు పోవు దారియే మూసుకొనును. అందుచేత ప్రతి నిర్ణయమునకును విశాఖపట్టణములోని కేంద్రమువైపు చూచు యంత్రము మనకు పనికిరాదు. తాను కొలిచిన వోల్టేజిని, ప్రవాహమును బట్టి తానున్న చోటనే విప్పుకొనుటయో మూసికొనుటయో తేల్చుకొనగల స్విచ్చు కావలెను. కేంద్రమునకు వార్త అందినచో మంచిది. అందకున్నను రక్షణ ఆగరాదు. ఈ సూత్రమును మఱచి కొన్న పరికరములు మంచి వాతావరణమున మాత్రము పనిచేయును.

ఇంటింటికి వచ్చుచున్న స్మార్ట్ మీటర్లను గుఱించి ప్రజలలో బిల్లుల భయమే తప్ప వేఱొక చర్చ వినబడుటలేదు. 2021లో ఆరంభమైన కేంద్రప్రభుత్వపు పథకము క్రింద వినియోగదారులకే గాక ఫీడర్లకును ట్రాన్స్‌ఫార్మర్లకును మీటర్లు పెట్టవలసియున్నది. నా దృష్టిలో ఈ రెండవది మొదటిదానికంటె విలువైనది. కరెంటు పోయిన క్షణమున, తనలో నిలువయున్న కొలదిపాటి శక్తితో, నాకు సరఫరా ఆగినది అని తుదివార్త పంపి మూగపోవు మీటర్లు గలవు. ఏ ట్రాన్స్‌ఫార్మర్లనుండి ఆ తుదివార్తలు వచ్చినవో పటముపై చూచినచో, ఎవ్వరును విద్యుత్ ఫిర్యాదుల సంఖ్యయగు 1912కు ఫోను చేయకమునుపే ఏ శాఖ తెగినదో తెలియును. 2020 సంవత్సరపు వినియోగదారుల హక్కుల నిబంధనలు సరఫరా ఎన్నిమాఱులు ఆగినది, మొత్తము ఎంతసేపు ఆగినది అను రెండు సూచికలను గుర్తించినవి. ఆ లెక్క ఉద్యోగి చేతివ్రాతనుండి గాక ట్రాన్స్‌ఫార్మరుమీది మీటరునుండి వచ్చి, ప్రతి ఫీడరునకు విడివిడిగా నెలనెల ప్రకటింపబడినప్పుడే, ఏ లైనునకు ముందుగా డబ్బు ఖర్చు పెట్టవలెనో నిష్పక్షపాతముగా తేలును. భీమవరములోని ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు ఆ లెక్కలను చేతబట్టి తమ జిల్లా ఫీడర్లనే పరిశోధనావస్తువుగా గైకొనినచో ఎంత ఉపకారము జరుగునో!

చివరగా ప్రాణముల సంగతి. తడిచేతులతో మోటారు తాకి, నీటిలో దిగి చక్రమును సవరింపబోయి, గట్లమీద మరణించువారి వార్తలు మనము ప్రతి సంవత్సరము వినుచున్నాము. 30 మిల్లీయాంపియర్ల స్రావమును గుర్తించి కన్ను మూసి తెఱచునంతలో సరఫరా నాపు రక్షణస్విచ్చు ఏ విద్యుత్పరికరముల దుకాణమునందైనను దొరకును. మనుష్యదేహముగుండ ప్రవాహము పోవుచున్నదని తెలిసికొనగల ఇంద్రియము మన కందుబాటులో నున్నది అదియొక్కటే. ప్రతి చెఱువు షెడ్డులోను అదియుండవలెను. మఱియొక అపాయము లైన్‌మనునకు సంబంధించినది. కరెంటు పోయినదని రైతు జనరేటరు నడుపును. మెయిను తీగెను విడదీయకుండ నడిపినచో ఆ విద్యుత్తు మీటరు దాటి వెనుకకు పాఱి, ట్రాన్స్‌ఫార్మరులోనికి దిగువనుండి ప్రవేశించి, అచ్చట హెచ్చి 11,000 వోల్టులై, చచ్చియున్నదని నమ్మి స్తంభ మెక్కినవాని చేతికి తగులును. లైన్ క్లియర్ అను పని అనుమతిని తీసికొని, సబ్‌స్టేషనులో బ్రేకరు విప్పించి, అన్ని జాగ్రత్తలును పాటించినవాడు గూడ, తీగెకు ఎర్తు వేయకమునుపు దీనికి బలియగును. రెండు సరఫరాలు ఎన్నడును కలియకుండ అడ్డుపడు చేంజోవరు స్విచ్చు మీ షెడ్డులో నున్నదా, ఉన్నచో అది సరిగా పనిచేయుచున్నదా అని రేపటి ఉదయమున ఒక ఎలక్ట్రీషియనును పిలిచి చూపించుకొనవలసినదిగా, చెఱువులు సేయు ప్రతి శ్రోతను ప్రార్థించుచున్నాను.